సంచిలో ఎర్ర లైటు

ఆమె అడిగింది ఒక్క చిన్న లైటు. పడవ నడిపే వాళ్ల నాన్న రేవు మెట్ల మీద జారి మోకాలికి దెబ్బ తగిలించుకున్నాడు, అందుకని. ఎలక్ట్రీషియన్ బిగించింది మాత్రం ఆటస్థలానికి సరిపోయే ఫ్లడ్‌లైటు. అడిగిన పిల్ల అంత బాగుంటే చిన్న లైటుతో సరిపెట్టడానికి మనసొప్పలేదు మరి.

ఆ వెలుగు అవతలి ఒడ్డు దాకా పడింది. పొదల్లో మిణుగురు ఒక్కటీ మెరవలేదు. రాత్రి పడవ ఎక్కేవాళ్లు వచ్చేదే వాటిని చూడటానికి. వారం తిరక్కుండా పడవ ఖాళీ అయింది.

"మీ పుణ్యమా అని నాన్నకి మెట్లు బాగా కనిపిస్తున్నాయి. దిగి చేసేదేముంది, పడవలో జనమే లేరు," అందామె.

అరిస్తే తట్టుకునేవాడేమో. మెల్లగా అనేసరికి నిచ్చెన ఎక్కేశాడు. అక్కడికక్కడే ఫ్లడ్‌లైటు విప్పేశాడు. మిణుగురులకు అడ్డురాని, కిందికి మాత్రమే పడే మసక ఎర్ర లైటు తెస్తానని, అది దొరికేదాకా రోజూ తనే వచ్చి పెద్దాయనను పట్టుకుని మెట్లు దింపుతానని మాటిచ్చాడు.

అన్నట్టే వచ్చాడు. వాన పడినా వచ్చాడు. ఆమె గొడుగు పట్టేది. గొడుగు మొదట్లో నాన్న మీదే ఉండేది, పోనుపోను కాస్త అతని వైపు జరిగింది.

ఎర్ర లైటు మాత్రం రాలేదు.

ఒక రాత్రి మిణుగురులు తిరిగొచ్చాయేమో చూద్దామని ముగ్గురే పడవలో వెళ్లారు. ఏటి మధ్యలో పెద్దాయన ఇంజన్ ఆపాడు. పొదలో ఒక చుక్క మెరిసింది. పక్కన ఇంకోటి. చూస్తుండగానే ఒడ్డంతా మెరిసింది. ఆమె కళ్లు తుడుచుకుంది. తన తప్పు సరిదిద్దినందుకు అతను ఆ పురుగులకే చీకట్లో దణ్ణం పెట్టుకున్నాడు.

"నాన్న ఇన్నాళ్లూ పడకుండా నడిచాడంటే మీ వల్లే. ఆ మాట ఎప్పటినుంచో చెప్పాలనుకుంటున్నాను," అందామె.

అంత మంచి మాట విన్నాక అతనికి దాచబుద్ధి కాలేదు. "ఎర్ర లైటు దొరికి చాలా రోజులైంది. సంచిలోనే ఉంది. పెట్టేస్తే మళ్లీ మిమ్మల్ని చూసే వీలుండదని..."

"తెలుసు. ఆ రోజు వానకి సంచి తడిస్తే సామానంతా తుడిచి పెట్టింది నేనే."

"మరి అడగలేదే?"

"అడిగితే పెట్టేస్తారుగా."

వెనకనుంచి పెద్దాయన దగ్గాడు. "రేపు ఆ లైటు పెట్టేసి, మీ అమ్మానాన్నల్ని తీసుకురా బాబూ. నా మోకాలు ఎప్పుడో తగ్గిపోయింది. మీ ఇద్దరి కోసం ఇంకెన్నాళ్లు కుంటమంటారు?"