ఉన్నిజెముడు ముల్లు

ఒక మాంత్రికుడి శాపం తగిలి ఆ ఏడాది కుంభగిరి రాజ్యంలో ఎవరికీ నొప్పి తెలియలేదు. మొదట అందరూ సంతోషించారు. తరువాత కారం తెలియలేదు, ఆపైన పక్కవాళ్ల దుఃఖమూ తెలియలేదు.

రాజోద్యానం ఊడ్చే నాంచారమ్మ పొయ్యిలో చెయ్యి కాల్చుకుని, "ఏం కాలేదులే" అంది. రోజూ అదే చెయ్యి మళ్లీ కాలుతోంది. "పక్షం దాటితే చెయ్యి దక్కదు. ఎడారిలోని ఉన్నిజెముడు ముల్లు గుచ్చితేనే శాపం పోతుంది" అన్నాడు వైద్యుడు.

శాపానికి ముందు రాజుగారు ఒకసారి ఉద్యానంలో పెంచడానికి ఆ మొక్కను తెప్పించారు. కానీ కొత్త మొక్కకు రెండుపూటలా కడవెడు నీళ్లు పొయ్యడం కుంభగిరి ఆచారం. అది కుళ్లిపోయింది. ముళ్లు రాలిన దాని ముక్కను నాంచారమ్మ కూతురు చెంగల్వ అప్పుడే ఊడ్చిన చెత్తలోంచి తీసి దాచుకుంది. ఇప్పుడు దాన్ని కొంగున కట్టుకుని ఎడారికి బయలుదేరింది. ఆమెకు భయం వెయ్యలేదు. ధైర్యమూ అనిపించలేదు.

ఇసుకతిన్నెల మీద వెతుకుతుంటే ఒక ముసలి ఉడుము నవ్వింది. "అమ్మాయ్, ఆ మొక్క ఇసుకలో పాతుకుంటుందా? ఎవరు చెప్పారే?"

"మరెక్కడుంటుంది తాతా?"

"నీళ్లు నిలవని గులకరాళ్ల వాలులో, బండ నీడన."

అక్కడ ఒక రాక్షసుడు మూడు ముళ్లమొక్కలకు కాపలా ఉన్నాడు. "ఒక్కదాన్నే ఎంచుకో పిల్లా. తప్పితే రాయివైపోతావు."

"ఇప్పుడు మాత్రం రాయిని కానా మామా?" అని చెంగల్వ మొదటిదాన్ని గోటితో గీరింది. తెల్లటి పాలు కారాయి. అది చేలగట్టు జెముడుకు చుట్టం. రెండోదాని ముళ్లు తొక్కలోంచే మొలిచాయి. మూడోదానికి ప్రతి ముళ్లగుత్తి కిందా చిన్న ఉన్నిమెత్త ఉంది. కొంగులోని ఎండుముక్కకూ అలాగే ఉంది.

ఆమె దాని ముల్లు గుచ్చుకుంది. చురుక్కుమంది. వెంటనే అమ్మ చెయ్యి గుర్తొచ్చి బావురుమంది.

"గెలిచావు. మొక్కను పెకలించుకుపో" అన్నాడు రాక్షసుడు.

"వద్దు మామా, మావాళ్లు నీళ్లు పోసి చంపేస్తారు. రాలిన ముళ్లు చాలు."

కోటవాకిట అందరికీ గుచ్చమని ముళ్లమూట ఇచ్చి, ఒక్క ముల్లుతో ఇంటికి పరుగెత్తింది. అది గుచ్చగానే నాంచారమ్మ కెవ్వుమంది. "అమ్మో, మంటే! చూస్తావేమే, నీళ్లు పొయ్యి!"

చెంగల్వ కడవెడు నీళ్లూ పోసింది. ఆ సాయంత్రం కుంభగిరి అంతా కరువుతీరా ఏడ్చి, కారంగా కూర వండుకు తిని, హాయిగా నిద్రపోయింది.