ఎడమవైపు మెత్త

ఉదయం ఎనిమిది గంటలు. కటింగ్ మాస్టర్ నేల మీద అయస్కాంతం తిప్పుతున్నాడు.

అది రోజూ ఉండే పనే. పొడవాటి కర్ర చివర కట్టిన అయస్కాంతం. బల్లల కింద, మిషన్ల కింద, నిలువుటద్దం ముందు నెమ్మదిగా తిప్పుకుంటూ వస్తాడు. ముందురోజు రాలిన గుండుసూదులన్నీ దానికి అతుక్కుంటాయి. చీపురు పడితే సూదులు పలకల సందుల్లోకి దూరిపోతాయని ఆ గదిలో పొద్దునపూట చీపురు పట్టరు.

కిటికీ దగ్గరికి వచ్చి తలెత్తాడు.

కర్ర చేతిలోంచి జారిపోయింది.

అక్కడ డ్రెస్సులు తొడిగి ఉంచే బొమ్మ ఒంటి మీద గౌను లేదు.

*

తొమ్మిది గంటలకు ఇన్‌స్పెక్టర్ వచ్చింది. తక్కువ మాట్లాడే మనిషి. గదిలో అడుగుపెట్టగానే ఎవరినీ ఏమీ అడగలేదు. ముందు గదంతా చూసింది.

తలుపు తాళం పగల్లేదు. కిటికీకి సన్నటి ఇనుప వల ఉంది. అదీ చిరగలేదు. గదిలో ఇంకో పదకొండు డ్రెస్సులున్నాయి. వాటిని ఎవరూ ముట్టుకోలేదు. పోయింది ఒక్క గౌను. నేరేడు పండు రంగు పట్టు గౌను.

ఆ సాయంత్రం ఏడింటికి ఫ్యాషన్ షో. రొమ్ము క్యాన్సర్ పరిశోధనకు విరాళాలు పోగుచేయడానికి డిజైనర్లందరూ కలిసి పెట్టుకున్న షో. ఒక్కొక్కరు ఒక్కో డ్రెస్ ఇచ్చారు. షో అయ్యాక వేలం. అందరూ ఎదురుచూస్తున్నది చివర్లో వచ్చే ఈ గౌను కోసమే.

దాన్ని గీసింది, కత్తిరించింది ఈ ఫ్యాషన్ హౌస్ నడిపే డిజైనర్ చెల్లెలు. నాలుగు నెలల కిందట అదే జబ్బుతో పోయింది. బాగా పొడుగు మనిషి కావడంతో అందరూ ఆమెను నిచ్చెన అని పిలిచేవాళ్లు. ఈ హౌస్‌లో ఏ డ్రెస్ కుట్టినా ముందు నిచ్చెన ఒంటి మీద వేసి చూశాకే బయటికి వెళ్లేది.

డిజైనర్ కిటికీ పక్కన స్టూలు మీద కూర్చుని ఉంది. రాత్రంతా నిద్రలేనట్టు కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"తాళాలు ఎవరెవరి దగ్గర ఉంటాయి?" ఇన్‌స్పెక్టర్ అడిగింది.

"నా దగ్గర. మాస్టర్ దగ్గర. అమ్మ దగ్గర."

"అమ్మగారు ఇక్కడ పనిచేస్తారా?"

"హుక్కులు, అంచులు ఆవిడే కుడుతుంది. మాకు కుట్టు నేర్పింది ఆవిడేగా."

"ఇవాళ రాలేదే?"

"తలనొప్పిగా ఉందని ఫోన్ చేసింది. ఆవిణ్ణి ఇందులోకి లాగకండి. చెల్లి పోయినప్పట్నుంచి మనిషి మనిషిలా లేదు. ఆ గౌనుకి పూసలు కుట్టింది కూడా ఆవిడే. తన చేత్తో తనే కుట్టి, తనే ఎందుకు ఎత్తుకెళ్తుంది?"



ఇన్‌స్పెక్టర్ మాస్టర్‌ను పక్కకి పిలిచింది. ముందురోజు రాత్రి ఎనిమిదింటికి గది మూసింది ఆయనే. ఆ తర్వాత ఎవరు వచ్చారో తెలియదన్నాడు. వాచ్‌మన్ గేటు దగ్గర ఉన్నాడు కానీ రోజూ వచ్చే మొహాలను అతను పట్టించుకోడట.

"మిమ్మల్ని ఎందుకు అనుమానించకూడదు?"

"అనుమానించండమ్మా, మీ డ్యూటీ. కానీ నేనే దొంగనైతే ఆ జర్మనీ కత్తెర పట్టుకుపోతాను. గౌను నాకు సరిపోదు," అన్నాడు. తన మాటకు తనే నవ్వబోయి ఆగిపోయాడు. నిచ్చెనను పదహారేళ్ల పిల్లప్పటి నుంచి ఎరిగినవాడు.

ఇన్‌స్పెక్టర్ పీలికల గోనెసంచిని నేల మీద కుమ్మరించింది. కత్తిరింపు ముక్కలు, దారం ఉండలు, కాగితాలు. వాటి మధ్య రెండు వస్తువులు దొరికాయి.

ఒకటి, అరచేతిలో పట్టేంత గుండ్రటి ఫోమ్ మెత్త. చుట్టూ తెగిన దారాలు వేలాడుతున్నాయి.

రెండోది, నేరేడు రంగు పట్టు పీలిక. జానెడు వెడల్పు, గౌను కింది అంచు చుట్టుకొలతంత పొడవు. కత్తెర ఎక్కడా వంకర పోలేదు.

"ఈ మెత్త ఏమిటి?"

మాస్టర్ డిజైనర్ వైపు చూశాడు. ఆమె తల తిప్పుకుంది. అప్పుడాయన గొంతు తగ్గించి చెప్పాడు. నిచ్చెనకు ఆపరేషన్ చేసి ఎడమ రొమ్ము తీసేశారు. ఇంటికి వచ్చిన నెలకే ఈ గౌను మొదలుపెట్టింది. కుడివైపు మామూలుగా కత్తిరించింది. ఎడమవైపు చదునుగా వదిలేసింది. దాచే ఉద్దేశమే లేదు. అది వేసుకుని తనే స్టేజీ మీద నడుస్తానంది. ఈలోగా జబ్బు తిరగబెట్టింది.

షోకి డబ్బు పెడుతున్న కంపెనీవాళ్లు గౌను చూసి మొహమాటపడ్డారు. చూసేవాళ్లకు ఎలాగో ఉంటుందన్నారు. మోడల్‌కి ఎలాగూ సరిపోదన్నారు. డిజైనర్ పక్క కుట్టు విప్పి, బట్ట వదులు చేసి, ఆకారం నిలబడేలా లోపల మెత్త పెట్టింది. ఆ మాటలు జరిగినప్పుడు వాళ్లమ్మ అదే గదిలో హుక్కులు కుడుతూ కూర్చుని ఉందట. పల్లెత్తు మాట అనలేదట.

"దొంగ ఈ మెత్త ఊడదీసి పారేసి మరీ పట్టుకెళ్లాడు," అంది ఇన్‌స్పెక్టర్. "అంచు కత్తిరించి మరీ పట్టుకెళ్లాడు."



పదింటికి మోడల్ ఫిట్టింగ్‌కి వచ్చింది. సంగతి విని గుమ్మంలోనే నిలబడిపోయింది. ముందురోజు రాత్రి తను ఎక్కడుందో తడుముకోకుండా చెప్పింది. ఆ గౌను అంటే తనకు మొదటినుంచీ ఇబ్బందేనని ఒప్పుకుంది. ఒకళ్ల బాధను తను తొడుక్కుని తిరుగుతున్నట్టు ఉండేదంది. అయినా దాన్ని మాయం చేసేంత ధైర్యం తనకు లేదంది. ఇన్‌స్పెక్టర్ నమ్మింది. ఆ అమ్మాయి నిచ్చెనంత పొడుగు. అంచు జానెడు పొట్టి చేసుకోవలసిన అవసరం ఆమెకు లేదు.

ఇన్‌స్పెక్టర్ నిలువుటద్దం ముందు మోకాళ్ల మీద కూర్చుంది. అద్దం చట్రం కింద వేలు పెట్టి లాగింది. వేలికి నాలుగైదు గింజలు అంటుకుని వచ్చాయి. నున్నగా, గోధుమరంగులో మెరుస్తున్నాయి.

అవిసె గింజలు.

"ఇవి ఎలా వచ్చాయి?"

మాస్టర్ వంగి చూశాడు. "పావురాలు తెచ్చాయేమో."

"కిటికీకి వల ఉంది."

"అయితే తెలీదమ్మా. ఎవరో తింటూ రాల్చినవైతే కావు. పట్టు మీద నూనె మరక పడుతుందని ఈ గదిలోకి బిస్కెట్టు ముక్క కూడా రానివ్వదు మా మేడమ్. నా అయస్కాంతానికి సూదులే అంటుకుంటాయి, గింజలు అంటుకోవుగా. ఎన్నాళ్ల నుంచి ఉన్నాయో."

"చట్రం మీద పట్టిన దుమ్ము వీటి మీద లేదు."

గది బయట వరండాలో ఒక అట్టపెట్టె ఉంది. వెళ్తూ వెళ్తూ ఇన్‌స్పెక్టర్ అందులోకి తొంగిచూసింది. మెత్తటి బట్టతో కుట్టిన గుండ్రటి చిన్న సంచులు. ఆపరేషన్ అయిన ఆడవాళ్లు లోపల పెట్టుకోవడానికట. ఇక్కడి పీలికలతో ఇక్కడి అమ్మాయిలే కుట్టారు. షో దగ్గర ఉచితంగా ఇస్తారట. ఒకటి చేతిలోకి తీసుకుంది. చూడ్డానికి దూదిలా ఉంది, బరువుగా ఉంది.

"ఇందులో ఏం నింపారు?"

"మొదట ఉత్త దూదే నింపారమ్మా," అన్నాడు మాస్టర్. "అమ్మగారు చూసి అన్నీ విప్పించేశారు. దూదికి బరువుండదు, ఒకవైపు తేలికైపోతే భుజం పైకి లేస్తుంది, నడుము పట్టేస్తుంది, ఇంకోవైపుతో సమానంగా తూగాలి అన్నారు. తమ ఇంటికి తెప్పించుకుని మధ్యలో ఏవో గింజలు పోయించారు. ఆవిడకి అన్నీ తెలుసు లెండి, ఎన్నేళ్ల కుట్టుపని."

ఇన్‌స్పెక్టర్ ఆ సంచిని చాలాసేపు చేతిలోనే ఉంచుకుంది.

"మాస్టారూ, అమ్మగారు ఎంత ఎత్తు ఉంటారు?"

ఆయన తన భుజం దగ్గర చెయ్యి పెట్టి చూపించాడు. చెయ్యి అక్కడే ఉండిపోయింది. ఆయన మొహంలో రంగు మారింది.

*

ఇల్లు రెండు వీధుల అవతల. కింది వాటా. తలుపు దగ్గరగా వేసి ఉంది, గడియ పెట్టలేదు.

తల్లి కిటికీ వెలుగులో కుర్చీ వేసుకుని కూర్చుంది. సన్నటి మనిషి. ఒళ్లో నేరేడు రంగు గౌను. అంచు సగం కుట్టి ఉంది. మిగతా సగానికి గుండుసూదులు. ఇన్‌స్పెక్టర్ యూనిఫాం చూసి లేవబోయింది. గౌను నేలకు తగులుతుందని మళ్లీ కూర్చుంది.

"కూర్చోండమ్మా. మా పెద్దదాన్ని కూడా తీసుకొచ్చారా," అంది.

డిజైనర్ గుమ్మంలోనే ఆగింది. "అమ్మా, ఇదేం పని? ఊరంతా వెతుకుతున్నాం. అడిగితే నీకివ్వనా? దాచుకోవాలనుంటే వేలం అయ్యాక నేనే కొని ఇచ్చేదాన్ని."

"దాచుకోవడానికి తీసుకెళ్లలేదు," అంది ఇన్‌స్పెక్టర్.

ఆమె ఒక్కొక్కటే చెప్పింది. గొంతు పెంచలేదు.

"జ్ఞాపకానికి తీసుకెళ్లేవాళ్లు అంచు కత్తిరించరు. ఉన్నదున్నట్టు మడిచి పెట్టుకుంటారు. జానెడు కత్తిరించారంటే ఎవరో వేసుకోవాలని. నిచ్చెన కంటే పొట్టివాళ్లు. మెత్త తీసేశారంటే వాళ్లకి దాని అవసరం లేదని. ఇవి రెండూ పొద్దున్నే తెలిశాయి. కానీ నేను కూడా మీ అందరిలాగే ఆరోగ్యంగా ఉన్నవాళ్ల గురించే ఆలోచించాను. గింజలు చూశాక ఆగాను. అవి బొమ్మ దగ్గర లేవు, అద్దం ముందు ఉన్నాయి. అద్దం ముందు ఎవరో బట్టలు మార్చుకున్నారు. లోపల పెట్టుకున్న గింజల సంచి తీసి పక్కన పెట్టారు. దాని కుట్టు విడిపోయింది. దొరికినవి ఏరుకున్నారు, చట్రం కిందికి దొర్లినవి కనిపించలేదు."

డిజైనర్‌కు అర్థం కాలేదు. అర్థమవుతున్నా ఒప్పుకోలేకపోయింది.

"ఎవరి సంచి?"

"ఉత్త దూది పెట్టుకుంటే భుజం పైకి లేస్తుందని, నడుము పట్టేస్తుందని అమ్మగారు చెప్పారట. అది కుట్టుపని వల్ల తెలిసేది కాదు. ఏళ్ల తరబడి పెట్టుకున్నవాళ్లకే తెలుస్తుంది."

 పై వాటాలో ఎవరో బిందె దించిన చప్పుడు వినిపించింది.

తల్లి గౌను మీద రాలిన దారం ముక్కలు ఏరుతూ మాట్లాడింది.

"మీ నాన్న పోయిన మరుసటేడు మీ ఇద్దర్నీ పిన్ని దగ్గర వదిలి వెళ్లాను. గుర్తుందా?"

"పేగు ఆపరేషన్ అన్నావు."

"అలాగే చెప్పాను. మీ పిన్నికి కూడా అదే చెప్పాను. పదిమంది మన గుమ్మంలో కుట్టడానికి బట్టలు పెట్టి వెళ్తేనే మనకు గడిచేది. రోగిష్టిదని తెలిస్తే ఎవరు రావాలి? మీరు పెద్దయ్యాక చెబుదామనుకున్నాను. పెద్దయ్యాక ఇప్పుడెందుకులే అనుకున్నాను."

డిజైనర్ గోడకు చెయ్యి ఆనించింది.

"చెల్లి గడ్డ చూసుకున్నప్పుడు నీకు చెప్పింది కదా."

"ఇదిగో, ఇక్కడే కూర్చుని చెప్పింది."

"కొవ్వు గడ్డే అయ్యుంటుంది, మనింట్లో ఎవరికీ ఈ జబ్బు లేదు కదా అని ఊరుకుంది. పనుల్లో పడి ఆర్నెల్లు ఊరుకుంది. అమ్మా, ఆ మాట నీ ముందే అందా?"

తల్లి ఏరిన దారాలన్నీ ఉండ చుట్టింది.

"నా ముందే అంది."

"నువ్వేమన్నావు?"

"డాక్టరుకి చూపించుకో అన్నాను. అంతే అన్నాను. రెండోది అనలేకపోయాను."

ఇన్‌స్పెక్టర్ కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడింది. ఈ మాటలు తను వినవలసినవి కావనిపించింది. అయినా కదిలితే తెగిపోతాయని కదల్లేదు.

"దానికి చివరిదాకా చెప్పలేదు," అంది తల్లి. "ఇంక నీకైనా చెప్పాలి. నీ ఒంట్లోనూ నా రక్తమేగా. నువ్వు కూడా చూపించుకోవాలి. రోజూ అనుకుంటాను. అన్నం పెడుతూ అనుకుంటాను. నోరు పెగలదు. ఆ రోజు నువ్వు దీనికి మెత్త పెడుతుంటే చూశాను. నేనిన్నేళ్లూ చేసిన పనే నువ్వూ చేస్తున్నావనిపించింది. మీ చెల్లి ఎత్తు మీ నాన్నది, నడుము నాది. నాకూ తీసింది ఎడమవైపే. సరిపోతుందని తెలుసు. ఇది వేసుకుని అందరి ముందూ నడిస్తే ఇంక నోటితో చెప్పక్కర్లేదు కదా అనుకున్నాను."

"ఫిర్యాదు ఉంచాలా?" ఇన్‌స్పెక్టర్ మెల్లగా అడిగింది.

డిజైనర్ అక్కర్లేదన్నట్టు తల ఊపింది.

"పొద్దుట్నుంచీ కుడుతున్నాను," అంది తల్లి, ఎవరితోనూ అన్నట్టు కాకుండా. "సాయంత్రానికి అయ్యేలా లేదు."

డిజైనర్ అలాగే నిలబడి ఉంది. తర్వాత వచ్చి తల్లి కాళ్ల దగ్గర నేల మీద కూర్చుంది. గౌను అంచు ఒళ్లోకి లాక్కుంది. తల్లి చేతిలోంచి సూది తీసుకుని వెలుగుకు పెట్టి దారం ఎక్కించింది.

కుట్టడం మొదలుపెట్టింది. ఒక్కో గుండుసూది తీసి నేల మీద పెడుతూ, చిన్నచిన్న కుట్లు, పైకి కనిపించని కుట్లు. కళ్లలోంచి నీళ్లు కారుతుంటే పట్టు మీద పడకుండా మోచేత్తో తుడుచుకుంది. తల్లి ఆమె పాపిట వైపు చూస్తూ కూర్చుంది. ఒకసారి తల మీద చెయ్యి వెయ్యబోయింది. వెయ్యలేదు.

చివరి సూది తీసింది. ముడి వేసి దారం పళ్లతో కొరికింది. గౌను దులిపి, మడిచి, తల్లి మోకాళ్ల మీద పెట్టింది.

"సాయంత్రం నన్ను రమ్మంటావా?" అడిగింది తల్లి.

కూతురు లేచింది. హ్యాండ్‌బ్యాగ్ భుజాన వేసుకుంది. చెప్పుల్లో కాళ్లు పెట్టి, తల్లి వైపు తిరగకుండా, ఒక్క మాటైనా మాట్లాడకుండా గుమ్మం దాటి వెళ్లిపోయింది.