తలుపు నీళ్ళ కింద

సఫూరా నన్ను మొదటిసారి చూసింది కోపంగానే.

నవంబరు ఆదివారం మధ్యాహ్నం. బ్రాడ్‌ఫర్డ్‌లో మా వీధి చివరి హాల్లో ఉర్దూ కవుల ముషాయిరా. బయట వాన. లోపల తడి కోట్ల వాసన, ఏలకుల టీ వాసన. కొత్తవాళ్ళను ముందు పిలవడం ఆనవాయితీ కనుక మొదట ఆమెనే పిలిచారు.

"నేను మన పహాడీలో చదువుతాను," అంది మైకులో.

కుర్చీలు కదిలాయి. మీర్‌పూర్ కొండల నుంచి ఇక్కడికి వలస వచ్చినవాళ్ళం, అందరం ఇంట్లో మాట్లాడేది ఆ భాషే. కాని ఇంట్లో కట్టుకునే లుంగీతో ఎవరూ పెళ్ళికి వెళ్ళరు కదా. కవిత్వమంటే ఉర్దూయే.

డ్యామ్ కట్టినప్పుడు మునిగిపోయిన మా పాత ఊరి మీద గజల్ అది. ప్రతి రెండో పాదం 'నీళ్ళ కింద' అనే మాటతో ముగుస్తోంది.

"నాన్న జేబులో ఇంకా భద్రంగా ఉంది తాళంచెవి,
దానికేం తెలుసు పాపం..."

"తలుపు నీళ్ళ కింద!" అన్నాను.

గట్టిగానే అన్నాను, నాకు తెలియకుండా. హాలంతా నవ్వి "వాహ్!" అంది. ఆమె ఆగింది. మూడో వరసలో ఉన్న నన్ను చూసింది. కాగితం మడిచి, దిగి, వెళ్ళిపోయింది.

బస్‌స్టాపులో పట్టుకున్నాను.

"ఏంటి? మిగతాది కూడా మీరే చెప్తారా?"

"అది ఎగతాళి కాదండీ."

"నోట్లో మాట లాక్కుని, జనాన్ని నవ్వించి, ఎగతాళి కాదా? లీడ్స్‌లో ఇంగ్లీషు కవితలు చదువుతాను. అక్కడ ఒక్కడు నోరు మెదపడు."

"పాపం, వాళ్ళకి వినడం రాదు."

ఆమె కనుబొమలు లేచాయి.

"ముషాయిరాలో కవి కంటే ముందే ఆ మాట వినేవాడి నోటికొచ్చిందంటే, అంతకు మించిన మెప్పు లేదు," అన్నాను. "అక్కడ ఇంకో మాట పట్టదని అర్థం. ఇంకో నిమిషం ఉంటే మళ్ళీ చదవమని అడిగేవాళ్ళు."

మడిచిన కాగితం మళ్ళీ విప్పింది.

"అంటే నేను..."

"మెప్పును చూసి పారిపోయారు."

"ఇది ఎవరికైనా చెప్పారో!"

"బస్సు డ్రైవర్నండీ. 'డ్రైవరుతో మాట్లాడరాదు' అని బోర్డే ఉంటుంది."

అప్పుడు నవ్వింది.

తరవాత ప్రతి మంగళవారం నా బస్సు ఎక్కేది. మందుల షాపులో ఆమె ఉద్యోగం. చివరి స్టాపులో నాకు పది నిమిషాల విరామం. ఆ పది నిమిషాల్లో ఒక కొత్త ద్విపద చదివి, ఆఖరి మాట దగ్గర ఆగేది. నేను అందుకునేవాణ్ణి. పది సార్లకు తొమ్మిది సార్లు సరిగ్గానే.

"హమ్మాద్, మీరెందుకు రాయరు?" అని అడిగింది ఒకసారి.

రోజంతా అద్దంలో మనుషుల్ని చూసే అలవాటు నాది. ఎవరి మాట ఎక్కడ ముగుస్తుందో తెలిసిపోతుంది. నా మాట ఎలా మొదలుపెట్టాలో మాత్రం తెలియదు. మొదలుపెడితే ఆ మంగళవారాలు పోతాయేమోనని భయం కూడా.

ఏడాదికి ఆమె పుస్తకం అచ్చయింది. మొత్తం పహాడీలో.

"శనివారం పుస్తకావిష్కరణకు అబ్బాజీ రానంటున్నారు," అంది ఆ మంగళవారం. "మేకల్ని పిలిచే భాషలో పుస్తకమా, నలుగురిలో నా పరువు తీస్తావా, అంటున్నారు. ఆయనకు పన్నెండేళ్ళప్పుడు మునిగింది ఊరు. ఇల్లూ, వాళ్ళమ్మ సమాధీ అందులోనే. దాని గురించి ఇంట్లో ఒక్క మాట మాట్లాడరు. ఆయన కోసమే రాశాను. ఆయన వినకపోతే, ఊరంతా వాహ్ అన్నా నాకెందుకు?"

శనివారం లైబ్రరీ నిండిపోయింది. ఆమె చదవడం మొదలుపెట్టాక, కోటు బొత్తాలన్నీ పెట్టుకున్న ఒక పెద్దాయన వచ్చి తలుపు పక్కన కూర్చున్నాడు. మోకాళ్ళ మీద తడి గొడుగు. సఫూరా గొంతు తడబడగానే ఆయనెవరో తెలిసింది.

ఆఖరి ద్విపద.

"వాన పడితే చాలు, గొడుగుతో గుమ్మంలో నిలబడతాడు నాన్న,
ఎవరికి పట్టాలని? తడుస్తూనే ఉంది..."

ఆగి, నా వైపు చూసింది. మాట నా నాలుక చివరికి వచ్చేసింది. అలవాటు కొద్దీ వెనక్కి చూశాను. ఆయన పెదవులు కదులుతున్నాయి.

నోరు మూసుకున్నాను. ఇన్నేళ్ళ డ్రైవింగులో అంత గట్టిగా ఎప్పుడూ బ్రేకు వేయలేదు.

"మా అమ్మ," అన్నాడాయన. "మా అమ్మ, నీళ్ళ కింద."

ఎవరూ నవ్వలేదు. ముందు వరసలో ఒక ముసలి కవి చెయ్యెత్తి, "మళ్ళీ! మళ్ళీ చదవమ్మా!" అన్నాడు. సఫూరా కాగితంలో 'వాళ్ళమ్మ' అనే రాసుకుంది. రెండోసారి ఆయన చెప్పినట్టే చదివింది.

పెద్దాయన లేచి నిలబడ్డాడు. పక్కనున్న తెల్లావిడకు అర్థమవుతుందో లేదో చూసుకోకుండా పహాడీలోనే చెప్పాడు: "నా కూతురు. అది మా భాష."

జనం పలచబడ్డాక నా దగ్గరకొచ్చాడు.

"ఏమబ్బాయ్, నోరు తెరిచి మూశావేం? మాట తెలియకా?"

"తెలిసే, చాచాజీ. అది మీది."

గొడుగు చంకలో పెట్టుకున్నాడు. "ఆదివారం భోజనానికి రా. మీ అమ్మగార్ని తీసుకురా."

"అబ్బాజీ! నన్నడగరా?" అంది సఫూరా.

"నిన్నేం అడగాలి? మందుల షాపు మనింటికి ఐదు నిమిషాల నడక. ప్రతి మంగళవారం ఊరి చివరిదాకా బస్సెక్కి ఎందుకెళ్తున్నావో నాకు తెలియదా?"

నాకే తెలియలేదు. ఎక్కేవాళ్ళను లెక్కలేనన్ని సార్లు అద్దంలో చూసినవాణ్ణి, ఏడాదిపాటు ఆ ఒక్క ముగింపూ పట్టుకోలేకపోయాను.

సఫూరా చెవుల దాకా ఎర్రబడింది. అయినా చూపు తిప్పుకోలేదు.

"సఫూరా," అన్నాను. ఎలాగైతేనేం, మొదలైంది. "నేను, మీకు ఇష్టమైతే, మనం..."

"చేసుకుందాం," అంది.

"వాహ్!" అన్నాడు ముసలి కవి వెనకనుంచి.