వదిన కాల్చిన పన్ను

“ఆవిడ మన మనిషా, వాళ్ల మనిషా? దగ్గర నుంచి చూసి నువ్వే తేల్చాలి. నీ మాటే ఫైనల్,” అన్నాడు చీఫ్.

ఆవిడంటే ఏజెంట్ పిచ్చుకకు స్వయానా వదిన. అన్న పోయాక, పళ్ల డాక్టరైన ఆమె ఓ విదేశీ ముఠా నడిపే క్లినిక్‌లో చేరి, రహస్యాలు అటూ ఇటూ మోసింది. ఆ అందానికీ, ఆ చిరునవ్వుకీ పడిపోయి ఇరుపక్షాలూ నమ్మాయి. ఇప్పుడు ఇరుపక్షాలకూ అనుమానమే. ముఠా ఆ రోజే శాంతి చర్చల హాలును పేల్చబోతోందని చీఫ్‌కు సమాచారం అందింది.

పిచ్చుక పెట్టుడు మీసంతో, పంటినొప్పి నటిస్తూ క్లినిక్‌కి వెళ్లాడు. మీసం ఎంతోసేపు నిలవలేదు. పట్టుకుని కుర్చీకి కట్టేశారు. చొక్కా బటన్‌లోని మైకు మాత్రం వాళ్ల కంట పడలేదు.

ముఠా నాయకుడు హాలును పేల్చే రిమోట్‌ను చేతిలో ఆడిస్తూ, వీడి పంటి నరం మాడ్చెయ్యమని వదినకు ఆర్డరేశాడు. ఆమె లేజర్ అందుకుంది. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే.

“గట్టిగా అరవండి, మరిది గారూ,” అంది నవ్వుతూ.

వెటకారమనుకున్నాడు. ప్రాణం పోతున్నట్టే అరిచాడు. అన్నం పెట్టిన చెయ్యే కాలుస్తోందన్న బాధ నొప్పికన్నా ఎక్కువైంది.

మైకులో అరుపులు విన్న కమాండోలు తలుపు పగలగొట్టారు. నాయకుడి వేలు రిమోట్ బటన్‌ను తాకబోయే క్షణంలో అతణ్ణి కాల్చేశారు. కిందపడ్డ రిమోట్‌ను వదిన చప్పున అందుకుంది.

“ఈవిడెవరు సార్?” అన్నాడు కమాండో, తుపాకి ఎత్తి.

“వాళ్ల మనిషే,” అన్నాడు పిచ్చుక.

తుపాకి పేలింది. వదిన కుర్చీ పక్కనే ఒరిగిపోయింది. పిచ్చుక వంక ఒక్కసారి చూసి కన్నుమూసింది.

హాలు నిలిచింది, చర్చలు సాగాయి. ఆ పన్ను మాత్రం ఐసుముక్క పెట్టినా ఉలకలేదు, పలకలేదు. నరం చచ్చిందన్నారు. వదిన ద్రోహి అని ఫైల్లో రాసేశారు.

కొన్ని నెలలకు చల్లటి నీళ్లు తాగుతుంటే పన్ను జివ్వుమంది. ఆఫీసు డెంటిస్టు ఎక్స్‌రే చూసి ఆశ్చర్యపోయాడు. లేజర్ వేడికి పంటి లోపలి గుజ్జు పైఅంచు మాత్రమే కమిలిందట. అడుగున బతికిన కణాలు గాయం మీద కొత్త గోడ కట్టుకున్నాయట. నరం ఇన్నాళ్లూ సొమ్మసిల్లిందే గాని చావలేదట.

“పవర్ కాస్త పెంచినా మొత్తం మాడిపోయేదండీ. ఎవరో గాని, పన్ను బతకాలనే చేశారు,” అన్నాడు.

ఆమె అరవమన్నది నాయకుణ్ణి నమ్మించడానికని పిచ్చుకకు అప్పుడర్థమైంది. డెంటిస్టు కుర్చీలోనే వెక్కివెక్కి ఏడ్చాడు.

చీఫ్ ఫైలు సరిచేయించి, వదినకు పతకం ప్రకటించాడు. అందుకోవడానికి ఆవిడ దగ్గరి బంధువులెవరైనా ఉన్నారా అని ఫోన్లో అడిగాడు.

“నేనొక్కణ్ణే సార్,” అన్నాడు పిచ్చుక.