పద్దెనిమిది బి, మధ్య సీటు

రెండువేల ఇరవై అయిదు ఆగస్టు పన్నెండు, మంగళవారం, ఉదయం పదకొండు గంటలు. విశాఖపట్నం విమానాశ్రయంలో ఒక చిన్న విమాన సంస్థ వారి ఇరుకు గది. హాజరైనవారు: స్టేషన్ మేనేజర్ అర్జునరావు, మూడో నంబరు కౌంటర్ ఉద్యోగిని ధనశ్రీ, ఫిర్యాదు చేసిన ఉక్కు కర్మాగారం ఇంజనీరు నాగవంశీ. పిలవకుండా హాజరైనవారు: అతని మామ్మ రామలక్ష్మమ్మ.

బయట సన్నగా వాన పడుతోంది. నాగవంశీ ఫిర్యాదు మూడు పేజీలుంది. మొదటి పేజీ నెత్తిన మామ్మ బోర్డింగ్ పాస్‌ను నాలుగు మూలలా గమ్ము రాసి, వంకర లేకుండా అతికించాడు.

"మా మామ్మ మొదటిసారి విమానం ఎక్కుతోందని, సముద్రం కనబడాలని నెల ముందే కిటికీ సీటు బుక్ చేశాను," అన్నాడతను. "తీరా ఆవిడ హైదరాబాదు వెళ్లొచ్చాక చూస్తే, పాస్ మీద పద్దెనిమిది బి అని ఉంది. మధ్య సీటు. ఎందుకు మార్చారో మీ రికార్డులో ఒక్క ముక్క లేదు."

అర్జునరావు నిట్టూర్చాడు. "ధనశ్రీ, కారణం చెప్పమ్మా. ఈ ఫిర్యాదు నిలబడితే నిన్ను బెంగళూరు కాల్ సెంటర్‌కు పంపేస్తారు. నేనేం చెయ్యలేను."

ధనశ్రీ ముద్దాయిలా కాక, ఆలస్యమైన విమానం కోసం నిలుచున్నదానిలా ఓపికగా నిలుచుంది. వన్ టౌన్‌లో పుట్టి, ఓడల కూత వింటూ పెరిగిన పిల్ల. ఈ ఊరు వదలడమంటే ఆమెకు ఊపిరాడదు.

అయినా, "అన్నీ రాసేవి కావండి," అని మాత్రం అంది.

"మా ప్లాంటులో షిఫ్టు దిగేవాడు ప్రతిదీ లాగ్‌బుక్కులో రాసి దిగుతాడండి. రాయనిది జరగనట్టే."

"అయితే ఇంట్లో కూడా రాస్తారేటండీ? కూరలో ఉప్పెక్కువైతే?"

"రాత్తాడమ్మా!" అంది రామలక్ష్మమ్మ మూలనున్న కుర్చీలోంచి. "పాలోడు పది నిమిసాలు ఆలీసమైతే కేలండరు మీద రాత్తాడు."

"మామ్మా, నువ్వు కాసేపు ఊరుకో."

"ఊరుకునే ఇంతదాకా తెచ్చినాను. ఆ పిల్లని ఊరు దాటించేత్తారంటే ఇంకేటి ఊరుకుంటాను?" ముసలావిడ లేచి, బల్ల దగ్గరికి వచ్చింది. "సీటు మార్చమని నానే అడిగినాను."

నాగవంశీ ఆవిడ వైపు తిరిగాడు. "నువ్వా? ఎందుకు?"

"కిటికీ పక్కన కూకుంటే మబ్బులతో ఏటి మాటాడతానురా? బయమేసింది. ఓ మనిసి పక్కన కూకోబెట్టు తల్లీ అన్నాను. మనవడు ముచ్చటపడి కొన్నాడు, ఆడికి సెప్పకు, మీ పుస్తకంలో రాయకు అని సేతులు పట్టుకున్నాను. నువ్వడిగితే ఏటి సెప్పాలో తెలీక, ఆ పిల్లే ఇచ్చిందన్నాను."

ఆవిడ ఫిర్యాదు మొదటి పేజీ మీద అతికించిన పాస్‌ను వేలితో చూపించింది.

"అయినా రాయకపోవడమేటి? ఆ సీటీ వెనకాల రాసే ఇచ్చింది. నువ్వే బంకెట్టి మూసేసినావు."

నాగవంశీ తాను అంత శ్రద్ధగా అతికించిన పాస్‌ను గోటితో మెల్లగా ఊడదీశాడు. వెనక వైపు గుండ్రటి తెలుగు అక్షరాలు: 'మామ్మగారూ, మీ పక్కన ఎలమంచిలి సన్యాసమ్మగారు. ఆవిడకీ ఇదే మొదటిసారి. చెవులు మూసుకుపోతే ఇద్దరూ బెల్లం ముక్క చప్పరించండి.'

"హైదరాబాదు దాకా మాటలే మాటలు," అంది రామలక్ష్మమ్మ. "సముద్రం ఎటేపుందో ఇద్దరం సూళ్లేదు."

నాగవంశీ చెవులు ఎర్రబడ్డాయి. "మీరు ఒక్కమాట చెబితే నేను అప్పుడే మానుకునేవాణ్ణి కదండీ," అన్నాడు ధనశ్రీతో.

"మామ్మగారికి మాటిచ్చానండి."

"బెంగళూరు పంపేస్తామన్నా?"

"మాట మాటేనండి." ఆమె మొదటిసారి అతని కళ్లలోకి చూసి నవ్వింది. "మీరు మాత్రం గమ్ము తక్కువ వాడండి."

ఫిర్యాదు ఉపసంహరించుకుంటున్నానని అతను ఒకే వాక్యంలో రాసిచ్చాడు. అర్జునరావు తేలిగ్గా ఊపిరి పీల్చుకుని, అలవాటుగా సంస్థ అభిప్రాయ పత్రం ఒకటి అతని ముందుంచాడు. 'ఇతర విమానాల కంటే మా విమానంలో మీకు ప్రత్యేకంగా నచ్చినదేమిటి?' కింద గళ్లు: సమయపాలన, భోజనం, సామాను, సీటు సౌకర్యం.

నాగవంశీ ఏ గడిలోనూ టిక్కు పెట్టలేదు. చాలాసేపు ఆలోచించి అంచున ఉన్న ఖాళీలో రాసి, కాగితాన్ని మేనేజరుకు కాక ధనశ్రీకి అందించాడు.

'మూడో నంబరు కౌంటర్. ఆదివారం సాయంత్రం మామ్మను సింహాచలం తీసుకెళుతున్నాను. దారి పొడుగునా ఆవిడకు మాట్లాడే మనిషి కావాలి. మనవడికి మాటలు రావు. నేర్చుకోవాలని ఉంది. మీరు రాగలరా?'

ధనశ్రీ రెండుసార్లు చదివింది. రెండోసారి అవసరం లేకపోయినా చదివింది.

"కింద సంతకం లేదండి. మీ ప్లాంటులో ఇలాగే వదిలేస్తారేటి?"

అతను సంతకం చేసి, తేదీ వేసి, అలవాటు కొద్దీ సమయం కూడా వేశాడు: పదకొండూ నలభై. ఆమె అదే కలం తీసుకుని, దాని కింద 'ఆదివారం డ్యూటీ రెండింటికి అయిపోతుంది' అని రాసి తన సంతకం పెట్టింది.

"ఆ ఫారం పెట్టెలో వెయ్యాలమ్మా," అన్నాడు అర్జునరావు.

"ఇది కంపెనీది కాదు సార్," అంటూ ధనశ్రీ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, మెడలో వేలాడుతున్న గుర్తింపు కార్డు వెనక దోపుకుంది.