పడవ అడుగు రంగు

పాపను సమాధి చేసిన మూడో నాడు పొద్దున్నే లింగవ్వ ఇంటి మీద రాళ్లు పడ్డాయి.

ఎస్సై సదానందం వెళ్లేసరికి పెంకులు పగిలి ఉన్నాయి. ముసలామె వడ్ల గుమ్మి వెనక నక్కి కూర్చుంది. నుదుటి మీద నెత్తురు. జీపెక్కించి లక్సెట్టిపేట స్టేషన్‌కు తెచ్చాడు. అరెస్టు కాదు. బయట ఉంటే చంపేస్తారు.

కంప్లైంట్ ఇచ్చింది పక్కింటి పేతురు. గోదావరి మీద ఇనుప పడవ నడుపుతాడు. ఏడాదిన్నర కూతురు కృప వారాల తరబడి కడుపు పట్టుకుని ఏడ్చింది. చివరికి ఫిట్స్ వచ్చి కరీంనగర్ ఆస్పత్రిలో కన్నుమూసింది. ఆఖరి రోజుల్లో లింగవ్వ దానికి వాము నీళ్లు తాపింది.

"గది మంత్రాల ముసల్ది సారూ. మందు పెట్టింది," అన్నాడు పేతురు. "నువ్వేమో దానికి చాయ్ తాపిస్తున్నవ్. అల్లుడివా ఏంది?"

సదానందం లింగవ్వ వైపు తిరిగాడు.

"ఎన్నిసార్లు పోసినవ్ అవ్వా?"

"రెండు పూటలు."

"ఇంకేమన్న ఇచ్చినవా?"

"నా పానం ఇస్తే బతుకుతదంటే గది గూడ ఇద్దును బిడ్డా."

పదకొండుకు ఆస్పత్రి నుంచి ఫోన్ వచ్చింది. పాప రక్తంలో సీసం ఉంది. లెడ్. ఒక్కనాడు తిన్నది కాదు. రోజూ కొంచెం కొంచెం లోపలికి పోయింది.

రెండు పూటలే పోసిన లింగవ్వ కాదు. మరి రోజూ పెట్టింది ఎవరు?

సదానందం పేతురు ఇంటికి వెళ్లాడు. దూలానికి ఎర్ర చీర ఉయ్యాల ఇంకా వేలాడుతోంది. కింద పేతురు భార్య స్తుతి. ఉయ్యాల అంచు పట్టుకుని కూర్చుంది.

సదానందం ఉయ్యాల గుడ్డను తడిమి చూశాడు. అట్టలా బిరుసుగా ఉంది. పాప తల ఉండేచోట ఒక్క అంచు మాత్రం మెత్తగా ఉంది. అక్కడే రంగు వెలిసింది. బిరుసుగా ఉన్నచోట వేలితో రుద్దాడు. ఎర్రటి పొడి అంటింది.

"పాప దీన్ని చీకేదా?"

"పండ్లొస్తున్నయి గద సారూ. అంచు నోట్లె వెట్టుకొనే పండేది."

"చీర ఎవరిది?"

"నాదే. పాతది. ఎండకాలం ఈయన పడవ కాడికి కొంచవోయి మల్ల తెచ్చిండు."

చీర విప్పి ఇమ్మంటే స్తుతి ఇవ్వలేదు. చీరతోపాటే ఆమెను జీపెక్కించాడు.

సాయంత్రం నాలుగింటికి స్టేషన్‌లో అందరినీ కూర్చోబెట్టాడు. గేటు బయట జనం అరుస్తున్నారు.

"పేతురూ, ఎండకాలం పడవ అడుగు ఎర్ర రంగు గీకినవ్ గద, ఎట్ల గీకినవ్?"

"దుమ్ము లేవద్దని తడుపుకుంట గీకిన సారూ. ముక్కుకు గుడ్డ కట్టుకున్న. గది పాత విషపు రంగు, నీళ్లల్ల పడొద్దని ఫిషరీస్ సారు చెప్పిండు."

"పెచ్చులు?"

"డబ్బాల వోసి ఆయనకే అప్పజెప్పిన."

"కింద ఏం పరిచినవ్?"

పేతురు స్తుతి ఒళ్లో ఉన్న గుడ్డ వైపు చూశాడు.

"చీర," అన్నాడు. "స్తుతి పాత చీర."

"ఉతికినవా?"

"గోదావరిల ఎట్ల ఉతుకుత సారూ? ఊరంత తాగే నీళ్లు. దులిపి ఆరేసిన, గంతే."

సదానందం గొంతు తగ్గించాడు. "ఆ రంగులనే సీసం ఉన్నది. నువ్వు తడిపి గీకినవ్. ఆ ఎర్ర నీళ్లన్ని చీర పీల్చుకున్నది. ఎర్ర చీర మీద ఎర్ర మరక ఎవలకు కనవడ్తది? అంచు ఒక్కతాన రంగు పోయింది, సూడు."

ఎక్కడికి పోయిందో ఆయన చెప్పలేదు.

"నేనేనా సారూ?"

ఎస్సై తల దించుకున్నాడు.

పేతురు లేచాడు. గేటు దాకా నడిచాడు. "రాళ్లు కింద పడేయున్రి," అన్నాడు. "లింగవ్వ ఏం జెయ్యలే. గా విషం నా చేతులతోని నేనే తెచ్చిన." అక్కడే కూలబడ్డాడు. అరుపులు ఆగిపోయాయి.

లోపల స్తుతి చీరను గుండెకు అదుముకుని ఉంది. మొహం అందులోనే దాచుకుంది.

"ఇయ్యమ్మా. సీల్ చెయ్యాలె."

"దాని వాసనున్నది సారూ."

ఎస్సై చాచిన చెయ్యి అలాగే ఆగిపోయింది. ఇరవై ఏళ్ల సర్వీసులో చాలా లాక్కున్నాడు. ఇది లాక్కోలేకపోయాడు.

లింగవ్వ గోడ పట్టుకుని లేచింది. నుదుటి కట్టు తడిసి ఉంది. వచ్చి స్తుతి పక్కన చతికిలబడింది.

"ఇయ్యి బిడ్డా. నీకు గూడ పడదది."

ఒక్కొక్క వేలినీ మెల్లగా విప్పింది. చీర జారి పడింది. ఆ ఖాళీ చేతులను ముసలామె తన ఒళ్లోకి తీసుకుని, కొంగుతో తుడవసాగింది.