నల్లోడి చివరి వారం

"మా నల్లోడిని చంపేశారండీ," అంటూ ఆమె డిటెక్టివ్ ఎదుట కుర్చీ కోసం చేత్తో తడుముకుంది.

ఆమెకు చూపు లేదు. టెలిఫోన్ ఆపరేటరు. నాలుగేళ్లుగా ఆఫీసుకు దారి చూపిస్తున్న కుక్క నిన్న మధ్యాహ్నం చనిపోయింది. ఉల్లిపాయ తిని రక్తం క్షీణించిపోయిందన్నాడు పశువుల డాక్టరు.

"రోజూ ఏం పెట్టేవారమ్మా?" డిటెక్టివ్ అడిగాడు.

"అన్నంలో ఉప్పు వెయ్యకుండా ఉడికించిన క్యారెట్, బీన్స్, గుమ్మడి. వంటామె వండితే, వాసన చూసి నేనే గిన్నె కింద పెడతాను. వారంగా జలుబు, ముక్కు పనిచెయ్యలేదు. మూడు రోజులుగా మెట్లెక్కుతూ ఆయాసపడ్డాడు. ఎండ దెబ్బేమో అనుకున్నా. వచ్చే నెల అక్క దగ్గర్నుంచి వాడితో ఆఫీసు పక్కన వేరే గదికి మారాలనుకున్నానండీ."

డిటెక్టివ్, అసిస్టెంటు ఆ ఇంటికి వెళ్లేసరికి వంటామె పొయ్యి పక్కన ఏడుస్తోంది.

"కూతురి పురుడికి వెళ్లి ఐదు రోజులకి నిన్న పొద్దున్నే వచ్చానయ్యా. ఒట్టు, దాని గిన్నెలో ఉల్లి వెయ్యలేదు."

"నేను వండిపెట్టినన్నాళ్లూ రాయిలా ఉంది," అంది ఆపరేటరు అక్క. "ఈవిడ పెట్టిన పూటే పోయింది. ఇంకేం సాక్ష్యం కావాలి?"

ఫ్రిజ్ తలుపు మీద కాగితం ఉంది. అసిస్టెంటు చదివాడు: "కుక్కకు పెట్టకూడనివి: ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష."

"ఎవరు రాశారు?"

"డాక్టరు గారు చెబుతుంటే నేనే రాశా. వంటామెకి రాయడం రాదుగా," అంది అక్క.

సాయంత్రం డాక్టర్ని కూడా పిలిపించి అందరినీ ముందు గదిలో కూర్చోబెట్టాడు డిటెక్టివ్.

"డాక్టరు గారూ, ఉల్లి తిన్న పూటే కుక్క చస్తుందా?"

"లేదండీ. రోజుల తరబడి రక్తాన్ని తినేస్తుంది. ఆయాసం అందుకే."

"ఆయాసం మొదలైననాటికి వంటామె ఊళ్లో లేదు. వండింది మీరు," అన్నాడు డిటెక్టివ్ అక్క వైపు తిరిగి. "ఉల్లి కూడదని మీ చేత్తోనే రాశారు. చెల్లెలికి వాసన తెలియడం లేదనీ మీకు తెలుసు."

అక్క చెల్లెలి వైపు తిరిగింది.

"చంపాలనుకోలేదే. జబ్బుపడితే చాలనుకున్నా. పదహారేళ్లు చెయ్యి పట్టుకుని నడిపించాను. వాడొచ్చాక ఒక్కసారన్నా నా చెయ్యి అడిగావా?"



చెల్లెలు లేచింది. అక్క గబుక్కున చెయ్యి అందించింది.

"ముట్టుకోకు," అని, ఆమె గోడ పట్టుకుని, ఒక్కో మెట్టూ కాలితో వెతుక్కుంటూ వీధిలోకి దిగిపోయింది.